దక్షిణముఖంగా కూర్చున్న ముఖ్య అతిథి

బసవపున్నయ్య గారికి భద్రత అంటే గౌరవం లేదని ఎవరైనా అంటే అది శుద్ధ అన్యాయం. గౌరవం ఉంది కాబట్టే దానికి దూరం నుంచే దణ్ణం పెట్టి, దగ్గరికి రాకుండా చూసుకునేవారు. ఆటోనగర్‌లో ఆయనది పెద్ద యార్డు. మట్టి తవ్వే ప్రొక్లెయినర్లు, రోడ్డు రోలర్లు, పెద్ద జనరేటర్లు అద్దెకిచ్చే వ్యాపారం. అటు కైకలూరు చేపల చెరువుల దగ్గర్నించి ఇటు ఉయ్యూరు చెరుకు తోటల దాకా ఎవరికి మట్టి తవ్వాలన్నా ఆయన మిషన్లే వెళ్లేవి. వాటిని ట్రైలర్ మీదకి ఎక్కించి పంపడం, పనయ్యాక మళ్లీ దించుకోవడం యార్డులో రోజూ ఉండే పని. దానికొక పద్ధతి కూడా ఉండేది. ట్రైలర్ వెనకాల రెండు ఇనప ర్యాంపులు వెయ్యడం, ఆపరేటరు కళ్లు మూసుకునైనా ఎక్కించేస్తాడని నమ్మడం, చుట్టూ జనం చేరి తలా ఒక దిక్కుకి చెయ్యి ఊపడం. ఇన్నేళ్లూ ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి పద్ధతి మంచిదేనని అందరూ తేల్చేసుకున్నారు.

ఇలా హాయిగా సాగిపోతుండగా, కాలవ పనులు తీసుకున్న ఒక పెద్ద కంపెనీ వాళ్లు వచ్చి, "మీ దగ్గర సేఫ్టీ ఆఫీసరున్నారా?" అని అడిగారు. "లేకపోతే ఎట్లాగండీ," అన్నారు బసవపున్నయ్య గారు నొచ్చుకుని. వాళ్లు గేటు దాటగానే సేఫ్టీ ఆఫీసరు కోసం వెతకడం మొదలుపెట్టారు.

అలా దొరికింది సత్యశ్రీ. బందరు పక్కన గిలకలదిండిలో సముద్రం మీద చేపల వేటకెళ్లే కుటుంబం వాళ్లది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఆ పైన సేఫ్టీలో డిప్లొమా చేసి, ఒక ఫ్యాక్టరీలో కొన్నాళ్లు పనిచేసి వచ్చింది. మొదటి రోజు బసవపున్నయ్య గారు ఆమెకి ఒక కుర్చీ, ఒక పసుపుపచ్చ హెల్మెట్ ఇచ్చి ఉద్యోగం వివరించారు.

"పెద్ద పనేం లేదమ్మా. కంపెనీ వాళ్లు వచ్చినప్పుడు కనపడాలి. అంతే."

"మిగతా రోజుల్లోనండీ?"

ఆయన ఆలోచించారు. ఆ కోణం ఆయనకి తట్టలేదు. "మిగతా రోజుల్లో... జాగ్రత్తగా ఉండు," అన్నారు.

ఆ సాయంత్రమే ఆమె ఒక రోలర్‌ని ఎక్కించడం చూసింది. ట్రైలర్ చక్రాల కింద అడ్డు దిమ్మెలు లేవు. నేల ఒక పక్కకి వాలుగా ఉంది. రోలర్ ఎక్కుతుంటే ట్రైలర్ ముందు భాగం కాస్త లేచి మళ్లీ కూర్చుంది. అది చూసి అక్కడున్నవాళ్లు ముచ్చటపడ్డారు. ఎక్కాక దాన్ని గొలుసులతో కట్టలేదు, ఎందుకంటే అంత బరువున్నది ఎక్కడికి పోతుందని. మర్నాడు సత్యశ్రీ అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ట్రైలర్ చదును నేల మీద నిలబెట్టాలని, చక్రాలకి దిమ్మెలు వెయ్యాలని, మిషన్ కదులుతున్నప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదని, సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలని, ఎక్కాక బకెట్ కిందకి దించి నాలుగు మూలలా గొలుసులు బిగించాలని. అందరూ శ్రద్ధగా విన్నారు. వినడంలో ఆ యార్డులో ఎవరికీ ఏ లోటూ లేదు.

వాళ్లలో సీనియర్ ఆపరేటరు నతానియేలు. సత్యశ్రీ బడికెళ్లే రోజుల్నించే ప్రొక్లెయినర్ తోలుతున్నాడు. దాని బకెట్ పంటికి అగ్గిపుల్ల కట్టి పెట్టె మీద గీసి వెలిగిస్తాడని పేరు. ఎక్కడ కొత్త పని మొదలైనా ముందు అగ్గిపుల్ల వెలిగించి చూపించాకే తవ్వడం మొదలుపెట్టేవాడు. ఆ విద్య వల్ల మట్టి త్వరగా లేచేదేమీ లేదు గాని, చూసినవాళ్లు ఆ తర్వాత అతన్ని ఏమీ అడిగేవాళ్లు కాదు.

"నతానియేలు గారూ, బెల్టు పెట్టుకోవాలండీ," అంది సత్యశ్రీ.

"బెల్టు పెట్టుకుంటే మిషన్ని నమ్మనట్టు ఉంటది మేడం. అది కూడా గమనిస్తది," అన్నాడు.

ఆ వారం తండ్రి పేరయ్య ఫోన్ చేసి కొత్త ఉద్యోగం ఎలా ఉందని అడిగాడు. ప్రమాదాలు జరక్కుండా చూడటం తన పని అని చెప్పింది. పేరయ్య, "జరక్కపోతే నువ్వు పని చేసినట్టు వాళ్లకెట్టా తెలుస్తదమ్మా?" అన్నాడు. వెక్కిరింత కాదు. నిజంగానే కూతురి జీతం గురించి బెంగపడ్డాడు.

నాలుగు నెలలు గడిచాయి. కంపెనీ వాళ్లు మళ్లీ కబురు పెట్టారు. భద్రతా వారోత్సవాలొస్తున్నాయి, మీ యార్డులో కార్యక్రమం చేస్తే మా ఆఫీసరొకరు వచ్చి చూస్తారని. భారీ యంత్రాన్ని ట్రైలర్ మీదకి ఎలా క్షేమంగా ఎక్కించాలో ప్రదర్శన ఉంటే బాగుంటుందని కూడా అన్నారు.

సత్యశ్రీ సంబరపడింది. ఇన్నాళ్లకి చెప్పినదాన్ని చేసి చూపించే వీలు చిక్కిందనుకుంది. నేల చదునుగా ఉన్న చోటు వెతికింది, దిమ్మెలు కోయించింది, గొలుసులకి తుప్పు దులిపించింది. ఈలోగా బసవపున్నయ్య గారు ఏర్పాట్లన్నీ బావమరిది జయకృష్ణకి అప్పగించారు. జయకృష్ణకి పెళ్లిళ్లలో, రిబ్బను కత్తిరింపుల్లో మంచి అనుభవం ఉంది. ఏ పనినైనా పెళ్లిలాగే చేస్తాడని బంధువుల్లో పేరు.

ఆ రోజు పొద్దున్నే సత్యశ్రీ యార్డుకి వచ్చేసరికి గేటు నుంచి షెడ్డు దాకా అరటి పిలకలు, మామిడి తోరణాలు. ట్రైలర్‌కి ఉత్తరం పక్కన, దాన్ని ఆనుకునేటంత దగ్గరలో, ఎర్ర తివాచీ పరిచిన వేదిక. ముఖ్య అతిథికి పెళ్లికొడుకు కుర్చీ. అన్నిటికంటే ముద్దొచ్చేవి ర్యాంపులు. ఇన్నేళ్లూ తుప్పు పట్టి, మట్టి కొట్టుకుని గరుగ్గా ఉండే ఆ ఇనప పలకలు ఇప్పుడు పసుపురంగు ఎనామిల్ పెయింటుతో అద్దంలా మెరిసిపోతున్నాయి. పెయింటు ఎంత ధారాళంగా వేశారంటే, పట్టు కోసం అడ్డంగా వెల్డింగ్ చేసిన కడ్డీలు దాదాపు మునిగిపోయాయి. ఎడమ ర్యాంపు మీద అప్పుడే కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్లు జారుతున్నాయి. ఆ నీళ్లలో బంతిపూల రేకులు.

"జయకృష్ణ గారూ, ఈ పెయింటేంటండీ?"

"ఎట్లా ఉంది? రెండు కోటింగులు వేయించా. ఫొటోల్లో కొట్టొచ్చినట్టు కనపడాలి గదా."

"దీని మీద మిషన్ నడిచే చైన్ జారుద్దండీ. ఇనుము మీద ఇనుము, మధ్యలో నున్నటి పెయింటు, పైన నీళ్లు. కార్యక్రమం ఆపేద్దాం. లేదా గ్రైండర్‌తో గీకించి, ఎండాక చేద్దాం."

జయకృష్ణ ఆమెని జాలిగా చూశాడు. "భద్రతా దినోత్సవం రోజున కూడా జారుద్ది, పడుద్ది అనే మాటలేనా మేడం? మంచి మాట అనండి."

సత్యశ్రీ బసవపున్నయ్య గారి దగ్గరికి వెళ్లింది. పట్టుపంచె కట్టుకుని, మీసానికి రంగేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారాయన. ర్యాంపు గురించి చెప్పింది. వేదిక ఉన్న చోటు గురించి చెప్పింది. మిషన్ పక్కకి ఒరిగితే సరిగ్గా కుర్చీల మీదే పడుతుందని చెప్పింది.

"నతానియేలు ఉన్నాడుగా," అన్నారాయన, అదేదో మందు పేరులాగా.

చివరికి నతానియేలు దగ్గరికే వెళ్లింది. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని క్యాబిన్ అద్దాలు తుడుచుకుంటున్నాడు. ర్యాంపు మధ్యకి రాగానే మిషన్ని వేదిక వైపు తిప్పి, బూమ్ అనే పొడవాటి ఇనప చెయ్యి పైకెత్తి, బకెట్‌తో అతిథి గారికి నమస్కారం పెట్టించమని జయకృష్ణ చెప్పాడు. ముందురోజు నేల మీద అభ్యాసం కూడా చేశారు. ఏనుగు తొండం ఎత్తినట్టు ఉందని అందరూ మెచ్చుకున్నారు.

"ర్యాంపు మీద బూమ్ ఎత్తి పక్కకి తిప్పితే బరువంతా అటుపోతుందని మీకు నేను చెప్పాలా?" అంది.

"తెలుసు మేడం."

"మరి?"

"తెలుసు కాబట్టే చేయగలను," అన్నాడు. కాస్త ఆగి, ఆమె ముఖం చూసి, "సరే, ఎత్తన్లెండి," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతను అద్దం తుడవడం ఆపలేదు.

ఇంతలో ఫొటోగ్రాఫర్ చక్రి వచ్చి, "అన్నా, బెల్టు పెట్టుకో. భద్రత ఫొటో కదా, బెల్టు కనపడితే ఉషారుగా ఉంటది," అన్నాడు. నతానియేలు మారు మాట్లాడకుండా పెట్టుకున్నాడు. నాలుగు నెలలుగా సత్యశ్రీ చేయలేని పని చక్రి నాలుగు మాటల్లో చేశాడు.

ముఖ్య అతిథి రత్తయ్య గారు దిగారు. రిటైరైన ఇంజనీరు. రిటైరైనప్పటి నుంచీ ఆ చుట్టుపక్కల ఏ సభకైనా ఆయనే అతిథి. ఆయన వెంట కంపెనీ ఆఫీసరు, ఆటోనగర్ పెద్దలు కొందరు. అందరూ వేదికెక్కి కూర్చున్నారు. దండలు పడ్డాయి. రత్తయ్య గారు మైకు తీసుకుని, మానవ జీవితం ఎంత విలువైనదో, ఇంజను చప్పుడుకి పోటీగా, ర్యాంపుకి ఆరడుగుల దూరంలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు.

సత్యశ్రీ ఎండలో నిలబడి ఆ వరసని చూసింది. పట్టుపంచెలు, సిల్కు చొక్కాలు, చివర్న కంపెనీ ఆఫీసరు పక్కన తన కోసం వేసిన కుర్చీ. ఆమెకి కోపం కూడా రాలేదు. ఇక్కడ బరువు, వాలు, పట్టు, జారుడు అనే మాటలకి విలువ లేదు. మరి దేనికుంది? ఆమె చూపు తలెత్తి సూర్యుడి మీదకి పోయింది, అక్కణ్ణించి రత్తయ్య గారి మీదకి, ఆయన చూస్తున్న దిక్కు మీదకి.

మెల్లిగా బసవపున్నయ్య గారి వెనక్కి వెళ్లి చెవిలో చెప్పింది. "సార్, అతిథి గారు దక్షిణముఖంగా కూర్చున్నారండీ."

ఆయన ఉలిక్కిపడ్డారు. ఎటు దక్షిణమో చూసుకున్నారు. రత్తయ్య గారి ముఖం, ఆయన పక్కన తన సొంత కుర్చీ ముఖం, అందరి ముఖాలూ బారుగా యముడి దిక్కుకే తిరిగి ఉన్నాయి.

"ఇంతసేపూ చెప్పవేంటమ్మా?"

"ఇప్పుడే గమనించానండీ. పడమటి వైపు ఆఫీసు వరండాలో కూర్చుంటే తూర్పుముఖం అవుద్ది."

మిషన్ పడుతుందంటే కదలని యార్డు మొత్తం కదిలింది. రత్తయ్య గారి ఉపన్యాసం మధ్యలో ఆగింది. ఆయనకి విషయం చెవిలో చెప్పగానే, ఇంజనీరు కాబట్టి, అందరికంటే ముందు ఆయనే లేచారు. పెళ్లికొడుకు కుర్చీని నలుగురు ఎత్తుకుని పరుగెత్తారు. కాఫీ తాగినంత సేపట్లో అతిథులంతా ట్రైలర్‌కి వెనక, దూరంగా, ఆఫీసు వరండాలో తూర్పుముఖంగా కూర్చున్నారు. అక్కణ్ణించి చూస్తే కనపడేది మిషన్ వీపే. అయినా అందరి ముఖాల్లో నిశ్చింత కనపడింది. వేదిక పక్కన తిరిగేవాళ్లని కూడా సత్యశ్రీ అదే మంత్రంతో తరిమేసింది. కంపెనీ ఆఫీసరు మాత్రం ఆమెని వింతగా చూస్తూ లేచాడు. అతనికి ఏదో అర్థమైనట్టే ఉంది.

ఆమె నతానియేలు వైపు పరుగెత్తబోయింది. అతనికి చెప్పడానికి ఆమె దగ్గర ఏ దిక్కూ లేదు. అంతలో జయకృష్ణ పచ్చజెండా ఊపాడు.

ప్రొక్లెయినర్ తూర్పువైపుగా కదిలింది. దాని చైన్లు రెండూ పసుపు పలకల మీదకి ఎక్కాయి. కొద్దిదూరం బాగానే వెళ్లింది. వరండాలో చప్పట్లు కూడా మొదలయ్యాయి. ర్యాంపు మధ్యకి రాగానే బూమ్ పైకి లేచింది. ఎత్తనన్న మనిషి ఎత్తాడు. నిన్నటి అభ్యాసం చేతుల్లో ఉండిపోయిందో, అతిథులు స్థలం మారిన సంగతి మరిచాడో, మిషన్ పై భాగం నెమ్మదిగా ఎడమకి తిరిగింది. బకెట్ వంగి ఖాళీ వేదికకి ఎంతో వినయంగా నమస్కారం పెట్టింది.

ఆ తర్వాతది అంత గబుక్కున ఏమీ జరగలేదు. ఎడమ చైన్ పెయింటు మీద అడుగు పక్కకి జారింది. ఆగినట్టే ఆగి, ఇంకో అడుగు జారి, అంచు దాటింది. అంత పెద్ద మిషన్ నిద్రలో పక్కకి దొర్లిన మనిషిలా ఒరిగి వేదిక మీద పడుకుంది. తివాచీ కింద చెక్కలు విరిగిన చప్పుడు ఆటోనగర్ మొత్తానికి వినపడింది. మైకు స్టాండు దాని కింద ఎక్కడో ఉండి కాసేపు కీచుమంది.

సత్యశ్రీయే ముందు చేరింది. ఇంజను ఆపించి, క్యాబిన్ వెనక అద్దం తీయించింది. నతానియేలు బెల్టుకి వేలాడుతూ ఉన్నాడు. ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది, నుదురు చీరుకుంది. స్పృహలోనే ఉన్నాడు. "ఎవరన్నా ఉన్నారా మేడం కింద?" అని అడిగాడు.

"ఎవరూ లేరండీ. కదలకండి."

"కుర్చీల్లో పెద్దమనుషులు?"

"లేరు. తీసేశాం."

అప్పుడతను ఏడవడం మొదలుపెట్టాడు. నొప్పికి కాదు.

మర్నాడు ఆస్పత్రికి వెళ్లింది. నతానియేలు భార్య శౌరమ్మ మంచం పక్కన బత్తాయి ఒలుస్తోంది. సత్యశ్రీని చూసి స్టూలు ఖాళీ చేసి ఇచ్చింది గాని పలకరించలేదు.

"దక్షిణం దిక్కంట గదా మేడం," అన్నాడు నతానియేలు. "అట్టా చెప్పి వాళ్లని లేపారంట."

"అవునండీ."

"నన్ను కూడా ఏదో ఒక అబద్ధం చెప్పి దించాల్సింది."

"మీకు నిజమే చెప్పాను. ఎత్తనన్నారు."

"ఆ ఇంజను చప్పుడు, ఆ చప్పట్లు... చెయ్యి దానంతటదే పోయింది." అతను కట్టు కట్టిన భుజం వైపు చూసుకున్నాడు. "శౌరమ్మ గేటు దగ్గర పిలుస్తుందని ఒక్క మాట చెప్పుంటే, బెల్టు తెంపుకుని దిగేవాణ్ణి."

శౌరమ్మ తల ఎత్తకుండా, "ఇరవై ఏళ్లుగా పిలుస్తానే ఉన్నా," అంది. బత్తాయి తొన సగం చేసి ముందు సత్యశ్రీ చేతిలో పెట్టింది.

సత్యశ్రీ బస్టాపు దాకా నడిచింది. కుర్చీల్లో ఉన్నవాళ్లందర్నీ లేపగలిగింది. క్యాబిన్‌లో ఉన్న ఒక్క మనిషిని దించలేకపోయింది. వాళ్లు నమ్మేది అబద్ధం కాబట్టి బతికారు. అతను తనలాగే లెక్క తెలిసినవాడు, అందుకే పడ్డాడు. ఈ సంగతి ఏ డిప్లొమాలోనూ చెప్పలేదు. బస్సు వచ్చి వెళ్లిపోయింది. తర్వాతది కూడా వెళ్లిపోయాక ఎక్కింది.

యార్డులో బసవపున్నయ్య గారు వేరే స్థితిలో ఉన్నారు. ఆయన్ని చూడటానికి వచ్చినవాళ్లందరికీ విరిగిన వేదిక చూపించి, దక్షిణముఖం ఎంత చెడ్డదో వివరిస్తున్నారు. సత్యశ్రీని చూడగానే లేచి నిలబడ్డారు. ఆమె కోసం ఆయన లేచి నిలబడటం అదే మొదటిసారి.

"అమ్మా సత్యశ్రీ, నీకు వాస్తు ఇంత తెలుసని చెప్పనే లేదు. యార్డు మొత్తం ఒకసారి చూసిపెట్టు. గేటు కూడా మార్పిద్దాం."

"వాస్తు కాదండీ. ర్యాంపు జారుతుందని తెలుసు, మీరు వినలేదు. అందుకని కల్పించి చెప్పాను."

ఆయన చిరునవ్వు నవ్వారు. "కల్పించావనుకుంటున్నావు. నీ నోట ఆ మాట పలికించింది వేరే."

"పెయింటండీ. పెయింటు వల్ల జారింది."

"ఆ పెయింటు వేసే బుద్ధి ఎవరు పుట్టించారు మరి?" అన్నారు. బావమరిది మీద ఉన్న ప్రేమ కొద్దీ ఆ నేరాన్ని కూడా గ్రహాల మీదకి తోశారు. జయకృష్ణ దీన్ని కృతజ్ఞతతో ఒప్పుకున్నాడు.

సత్యశ్రీ ఆ రాత్రి రాజీనామా గురించి ఆలోచించింది. పొద్దున్నే వచ్చి ఇంకో మాట అడిగింది. ఇకపై తను సరేనన్నాకే ఈ యార్డులో ఏ మిషనైనా ట్రైలర్ ఎక్కాలి. వద్దంటే ఎవరి హడావుడి ఎంతున్నా ఆగాలి.

"అట్లాగే," అన్నారు బసవపున్నయ్య గారు వెంటనే. "నీ నోటికి బలముంది."

ఇలాంటి కారణంతో ఇచ్చిన అధికారాన్ని తీసుకోవచ్చా అని ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. సరైన కారణంతో ఇచ్చేవాళ్ల కోసం చూస్తూ కూర్చుంటే ఈలోగా ఎంతమంది భుజాలు విరుగుతాయో లెక్కేసుకుని, తీసుకుంది.

పది రోజుల తర్వాత ఒక రోలర్ హనుమాన్ జంక్షన్‌కి వెళ్లాల్సి వచ్చింది. సన్నగా జల్లు పడుతోంది. అక్కడి పనివాళ్లు కూర్చునే ఉన్నారని, వెంటనే పంపమని ఫోన్ మీద ఫోన్. కొత్త ఆపరేటరు రోలర్‌ స్టార్ట్ చేసి సిద్ధంగా ఉన్నాడు. సత్యశ్రీ వద్దంది.

"ఏ దిక్కు బాగాలేదమ్మా?" అన్నారు బసవపున్నయ్య గారు ఆత్రంగా.

"దిక్కులన్నీ బాగానే ఉన్నాయండీ. ర్యాంపు తడిగా ఉంది."

ఆయన ఆకాశం వైపు చూశారు, ర్యాంపు వైపు చూశారు, ఇంకేమైనా చెబుతుందేమోనని ఆమె వైపు చూశారు. ఆమె ఇంకేమీ చెప్పలేదు. ఆయన ముఖంలో కాస్త నిరాశ కనపడింది. అయినా ఫోన్ తీసి, "ఈపూట కుదరదయ్యా, మా అమ్మాయి వద్దంది," అని హనుమాన్ జంక్షన్ వాళ్లకి చెప్పి పెట్టేశారు.

మధ్యాహ్నానికి వాన వెలిసి ఎండ కాసింది. ర్యాంపులు పొడిగా తుడిచారు. రోలర్ ఎక్కింది, గొలుసులు బిగిశాయి, ట్రైలర్ గేటు దాటి ఏలూరు రోడ్డు వైపు తిరిగింది. చూడ్డానికి ఎవరూ రాలేదు. సత్యశ్రీ చేతులు కడుక్కుని, క్యారియర్ విప్పి, చల్లారిపోయిన చేపల పులుసు అన్నంలో కలుపుకుంది.